పరిచర్యకు సంఘమును సిద్ధపరచుట
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో మనము కట్టిన గుడులు, బడులు, ఆసుపత్రుల లెక్క చెప్పుకొంటాము. చెప్పుకోవలసినదే. అయితే ఈ పూట నాకిచ్చిన విషయము వేరు. మన సంఘములు తమ సభ్యులను ఊరికి ఉపయోగపడే మనుషులుగా ఎట్లా సిద్ధపరచాయి, ఇక ముందు ఎట్లా సిద్ధపరచాలి అన్నది ప్రశ్న. దీనికి జవాబు గుడి లోపల దొరకదు. మన వీధిలోని అన్యమతస్థుని అడగాలి.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు భక్తుడు గురువులను, బోధకులను దేవుడు ఎందుకు ఇచ్చాడో చెప్పాడు. విశ్వాసులను పరిచర్య పనికి తయారు చేయడానికి ఇచ్చాడట. అంటే పరిచర్య చేయవలసింది విశ్వాసులు. వారిని తయారు చేయవలసింది గురువులు. మనము దీనిని తిరగవేశాము. పని అంతా అయ్యగారిది, చూడడము మనది అయింది. కానుక వేసి, ప్రసంగము బాగున్నదో లేదో చెప్పి ఇంటికి పోతున్నాము.

మన పూర్వులు ఇట్లా లేరు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్‌గా అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిని తలచుకోండి. తరువాత మన కృష్ణా ప్రాంతము కూడ ఆ డయోసీస్‌లో చేరింది. బాప్తిస్మము పొందినవారి చేత తమ చేయి తమ తలపై పెట్టించి, సువార్త చాటే బాధ్యత నాదే అని ఆయన ఒప్పించేవారు. ఏటా సాక్ష్య వారము పెట్టి, కూలి నాలి చేసుకొనే స్త్రీ పురుషులను పొరుగూళ్ళకు పంపేవారు. ఊరి చివరి పేటలలో పంతులు గారు పగలు బడి చెప్పి, సాయంకాలము ప్రార్థన నడిపి, రాత్రి లాంతరు వెలుగులో పెద్దవారికి అక్షరములు దిద్దించేవారు. అట్లా చదువు వచ్చినవాడు పేటవారికి ఉత్తరము చదివి పెట్టాడు, అర్జీ వ్రాసి పెట్టాడు. ఊరు ఎవరిని దూరముగా నిలబెట్టిందో వారే ఊరికి అక్కరకు వచ్చే మనుషులయ్యారు. వారికి ధనము లేదు. సంఘము వారిని నమ్మి పని అప్పగించింది.

ఇక దివిసీమ సంగతి. 1977 నవంబరు 19వ తేదీ శనివారము. తెల్లవారితే ఆదివారము, ఆరాధన దినము. సముద్రము దాదాపు 5, 6 మీటర్ల ఎత్తున లేచి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చింది. పది వేల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత దేశ విదేశముల నుండి బియ్యము, దుప్పట్లు, మందులు వచ్చాయి. కాసా వంటి క్రైస్తవ సంస్థలు వచ్చాయి. రామకృష్ణ మిషన్ వారు వచ్చారు. దేవుడు లేడనే విజయవాడ నాస్తిక కేంద్రము వారు కూడ వచ్చి పనిచేశారు. దయ మన ఒక్కరి సొత్తు కాదని ఆ రోజులలో కన్నులారా చూశాము.

అయితే దుప్పటి బ్రతికినవానికే గదా! చనిపోయినవారికి కావలసినవి మూడు: హెచ్చరికను ఇంటింటికి మోసుకుపోయే మనిషి, ముసలివారిని చేయిపట్టి నడిపించే మనిషి, నీటికి అందని గట్టి కప్పు. తరువాత ప్రభుత్వము, కాసా, మరి కొన్ని సంస్థలు తీరము పొడవునా తుఫాను ఆశ్రయములు కట్టించాయి. 1990 మే 9న మరల అటువంటి తుఫానే కృష్ణ ముఖద్వారము దగ్గర తీరము దాటింది. ఆస్తి నష్టము చెప్పలేనంత. కాని లక్షలాది ప్రజలను ముందే తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపే నిలిచింది. వేయి మంది కూడ తక్కువేమీ కాదు. అయినా పది వేలకు, వేయికి మధ్య ఉన్న తేడా ముందుగా సిద్ధపడడమే.

ఇది పాత కథ అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురము వైపు పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. మన యువకులు ఎందరో పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు పంచారు. వారికి నా నమస్కారము. అయితే అటువంటి రోజున ఏ మేడ మీద నిండు గర్భిణి ఉన్నది, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఏ క్రింది గదిలో లేవలేని తాత ఉన్నాడు అని అడిగితే, మనలో ఎందరము చెప్పగలము? పొట్లము కట్టడము ఒక పూటలో వస్తుంది. పొరుగువాని సంగతి తెలియడానికి సంవత్సరములు పడుతుంది.

ఈ ఓర్పు ఎట్లా ఉంటుందో చూడాలంటే మన విజయవాడలోనే నవజీవన్ బాల భవన్ ఉన్నది. ఇల్లు విడిచి రైలెక్కి మన జంక్షనులో దిగే పిల్లల కొరకు 1989లో సలేషియన్ ఫాదర్లు దానిని ప్రారంభించారు. ప్లాట్‌ఫారము మీద బెదిరిన పిల్లవానిని పలుకరించాలంటే ప్రేమతో పాటు నేర్పు కూడ కావాలి.

కనుక నా మనవి ఇది. ప్రతి పాస్టరేటులో ఒక వీధి పుస్తకము పెట్టండి. ఒక్కొక్క సభ్యునికి పది ఇళ్ళు అప్పగించండి. ఆ పదిలో క్రైస్తవుల ఇళ్ళే ఉండాలని నియమము వద్దు. సండేస్కూలు పెద్ద పిల్లలకు, స్త్రీల సమాజమునకు ప్రథమ చికిత్స నేర్పించండి. మన సంఘములలో నర్సులు, ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు, కరెంటు పనివారు ఉన్నారు. వారి చేత కానుక పళ్ళెము మాత్రమే పట్టిస్తున్నాము. వారికి తెలిసినది నలుగురికి నేర్పమని అడగండి. తీర గ్రామముల వారు తుఫాను ఆశ్రయము తాళము చెవి ఎవరి దగ్గర ఉన్నదో, తలుపు తెరుచుకొంటున్నదో లేదో నవంబరు రాకముందే చూసుకోండి.

కొందరు పెద్దలు అడుగుతారు: ఇదంతా ప్రభుత్వము పని గదా, ఆత్మల సంగతి ఏమిటి అని. ప్రభుత్వము పని ప్రభుత్వము చేయవలసినదే; చేయకపోతే అడుగవలసినదే. కాని అర్ధరాత్రి నీళ్ళు వచ్చినప్పుడు మొదట తలుపు తట్టగలిగేది ప్రక్కింటివాడే. మంచి సమరయుడు గాయపడినవానిని మతము అడుగలేదు. చేర్చుకొంటాను, నా గుడికి రా అని బేరమూ పెట్టలేదు. నూనె, ద్రాక్షారసము అతని దగ్గర సిద్ధముగా ఉన్నాయి. గాయము కట్టడము అతనికి తెలుసు. యాజకునికి, లేవీయునికి ఆలయపు పని బాగా తెలుసు; దారిలో చేయవలసిన పని మాత్రము చేయలేకపోయారు. ఆ ఇద్దరినీ తయారు చేసినది కూడ ఒక ఆరాధన సంఘమే అని మరచిపోరాదు.

రాబోయే నూరేండ్లలో ప్రతి ఆదివారము గురువులు మనలను ఒక పని అప్పగించి, ప్రార్థించి పంపుదురు గాక. వెళ్ళడానికి మనకు ప్రభువు కృప అనుగ్రహించును గాక. ఆమెన్.