పొక్కలు చెప్పే లెక్క
(జైనూర్‌లో చదువు నేర్చిన మహిళలకు చెప్పిన మాటలు)



ధర్మవరం పట్టుచీర అంచు చూసే ఉంటారు. అది నేసే మగ్గం పైన పొక్కలున్న అట్టలు ఉంటాయి. ఏ దారం లేవాలో, ఏది ఆగాలో ఆ పొక్కలే చెప్తాయి. దీన్ని జకార్డు అంటారు. పాత కంప్యూటర్లు కూడా ఇలాంటి అట్టలే చదివేవి. మగ్గం మీద పొక్క పువ్వు అవుతుంది. కంప్యూటర్‌లో లెక్క అవుతుంది.

1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ అనే ఆయన ఈ పద్ధతి తెచ్చాడు. మన రైల్వేల్లోనూ 1960లలో ఇలాంటి అట్టలు నడిచాయి.

అట్టను ఎట్ల చదవాలి? అది జానెడు కన్నా కొంచెం పొట్టి. నాలుగు వేళ్ళ వెడల్పు. ఒక మూల కోసి ఉంటుంది. అట్ట తిరగబడితే ఆ మూలే పట్టిస్తుంది. అట్టలో 80 నిలువు వరుసలు ఉంటాయి. ఒక్కో వరుసలో పై నుంచి కిందికి 0 మొదలు 9 దాకా అంకెలు అచ్చు వేసి ఉంటాయి. పొక్క ఎక్కడ పడితే అదే అంకె.

కొమురం భీం జోడెఘాట్‌లో అమరుడైంది 1940లో. ఈ ఏడును నాలుగు నిలువు వరుసల్లో రాయాలి. మొదటి దాంట్లో 1 మీద పొక్క. తర్వాత 9 మీద, 4 మీద, 0 మీద. అయిపోయింది. మీరు చదివేశారు!

0 పైన ఇంకో రెండు వరుసల జాగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది కూడా కావాలి. ఒక్కో అక్షరానికి రెండు పొక్కలు. జైనూర్ పేరుకు ఇంగ్లీషులో ఏడు అక్షరాలు, అంటే పద్నాలుగు పొక్కలు.

అంకె చదివితే చాలదు. 40 అని ఉంది. అది కూలి రూపాయలా, వయసా, పనిచేసిన దినాలా? అట్ట చెప్పదు. ఏ వరుస దేనికో ముందే వేరే కాగితం మీద రాసుకునేవారు. ఆ కాగితం పోతే చదువొచ్చినోళ్ళు కూడా చూస్తూ కూర్చోవాల్సిందే. షావుకారి పుస్తకంలో తలకట్టు లేని అంకె కూడా అంతే గదా.

4 మీద పడాల్సిన పొక్క 1 మీద పడితే 40 రూపాయల కూలి 10 అయిపోతుంది. యంత్రానికి అనుమానం రాదు. అందుకే ఒకరు పొక్కలు కొట్టినాక, ఇంకొకరు అదే లెక్కను మళ్ళీ మొదటి నుంచి కొట్టేవారు. రెండూ కలవకపోతే యంత్రం ఆగేది. చాలా దేశాల్లో ఈ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే.