పూతమందు: భయమూ వద్దు, చనువూ వద్దు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ నాట్యాలకూ నడుమ చర్మానికి పూసే మందుల గురించి చెబుతానంటే, పండుగ పూట ఇదేమిటని అనుకోకండి. హైదరాబాదో విజయవాడో వెళ్ళి వచ్చే మన పెట్టెల్లో ఆవకాయ సీసాతోపాటు ఆయింట్‌మెంటు ట్యూబులూ వస్తుంటాయి. అత్తగారికి తగ్గిందని కోడలు, అక్క వాడిందని చెల్లెలు పూసుకుంటారు. వాటిలో బలమైన స్టెరాయిడ్ ఉండవచ్చునన్న సంగతి ఎవరికీ తట్టదు.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1952లో అమెరికా వైద్యులు సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్ పూతతో చర్మపు వాపు తగ్గుతుందని చూపించారు. ఎగ్జిమా, సోరియాసిస్ రోగులకు అది గొప్ప ఊరట. వైద్యుడు రాసిన మందును భయపడి చాలీచాలకుండా పూస్తే పసివాడు రాత్రంతా గోక్కుంటూనే ఉంటాడు.

అయితే అన్ని స్టెరాయిడ్లూ ఒకటి కావు. ఈ దేశంలో వాటిని నాలుగు తరగతులుగా విభజించారు: తేలిక, మధ్యరకం, బలమైనవి, అతి బలమైనవి. ట్యూబు మీది అంకె చూసి మోసపోకండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ తేలిక మందు. 0.1 శాతం బెట్నోవేట్ బలమైనది. 0.05 శాతం డెర్మోవేట్ అతి బలమైనది. అంకె చిన్నదైతే మందు తేలిక అనుకోవడం పొరపాటు.

ఎంత పూయాలి? 1991లో కార్డిఫ్ వైద్యులు లాంగ్, ఫిన్లే సులువైన కొలత చెప్పారు. పెద్దవారి చూపుడువేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండిన మందు సుమారు అర గ్రాము. అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు అన్నది మాత్రం వైద్యుడు చెప్పాలి. ముఖం, కనురెప్పలు, చంకలు, గజ్జలు, పసిపిల్లలకు నాపీ కట్టే చోటు — వీటికి బలమైన మందు సొంతంగా వాడకూడదు. అక్కడి చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది.

ఇక మన ఇళ్ళలో జరిగే మూడు పొరపాట్లు. మొదటిది, పెళ్ళి ఫొటోల్లో తెల్లగా కనిపించాలని ముఖానికి పూయడం. నెల రోజులు నిగారింపు కనిపించవచ్చు. ఆ తరువాత చర్మం పల్చబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. ఈ దుర్వినియోగం వల్లనే 2018లో భారత ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు చేసింది.

రెండవది, తామరకు పూయడం. దురద తగ్గుతుంది, కాని లోపల శిలీంధ్రం హాయిగా పాకుతుంది. మచ్చ రూపు మారిపోయి, అది తామర అని వైద్యుడు గుర్తించడమే కష్టమవుతుంది.

మూడవది, మచ్చ పోలేదని మందు కొనసాగించడం. మన మేనిఛాయలో ఎగ్జిమా ఎర్రగా కనబడకపోవచ్చు. ముదురు గోధుమ, ఊదా, బూడిద రంగుల్లో ఉంటుంది. ఈ మాట మీ జి.పి.కి చెప్పండి. దురద, గరుకుదనం పోయాక మిగిలే నల్లమచ్చ వ్యాధి కాదు. నెలల మీద అదే తగ్గుతుంది. దానికి స్టెరాయిడ్ అక్కరలేదు.

చాలాకాలం బలమైన మందు వాడి ఆపినవారిలో కొందరికి చర్మం మండి, ఎర్రబడి, మునుపటికంటే విస్తరించవచ్చునని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించింది. కనుక అలా వాడుతున్నవారు నా మాట విని ఈ రాత్రే ఆపేయకండి. ముందు వైద్యుణ్ణి కలవండి.

ఇంటికి వెళ్ళాక మందుల పెట్టె తెరవండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాన్ని దగ్గరలోని ఫార్మసిస్టుకు చూపించి అడగండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మన ఊరి నుంచి పచ్చళ్ళు, పాటలు, చీరలు తెచ్చుకుందాం. చర్మానికి మందు మాత్రం, ఆ చర్మాన్ని చూసిన వైద్యుడి చేతినుంచే తీసుకుందాం.