ఇంటి దొంగని పట్టుకుందాం: కంప్యూటర్‌లో స్పైవేర్ తీసేయడం, మళ్లీ రాకుండా చూసుకోవడం

(వీడియో ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకి అక్షర రూపం)

ఈ రోజు మనం స్పైవేర్ గురించి మాట్లాడుకుందాం. స్పైవేర్ అంటే మనకి తెలియకుండా మన కంప్యూటర్‌లో చేరి, మన సమాచారాన్ని బయటికి చేరవేసే ప్రోగ్రామ్. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అంటారు కదా, సరిగ్గా అలాంటిదన్నమాట. కాకపోతే ఈ దొంగని పట్టుకోవచ్చు. కానీ పనులు ఒక వరసలో చెయ్యాలి. వరస తప్పితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. ముందు అది చెప్తాను.

మా చిన్నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. తన అనుభవాలు పుస్తకంగా రాసుకుందామని, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతికారు. "ఫుల్ వెర్షన్ ఫ్రీ" అని ఒకటి దొరికింది. దాంతో పాటు వచ్చిన ఫైల్‌లో ఏముందంటే, "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అని. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశారు. మాస్టారు కదండీ, సూచనలు పాటించడం అలవాటు.

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. ఒకరోజు ఆయన మెయిల్ నుంచి తెలిసినవాళ్లందరికీ ఉత్తరం వెళ్లింది: ఆస్పత్రిలో ఉన్నాను, అర్జెంటుగా 15,000 రూపాయలు కావాలి అని. చాలామంది నమ్మలేదు. ఒకప్పటి శిష్యుడు మాత్రం, మాస్టారికి ఏం కష్టం వచ్చిందో అని వెంటనే పంపించేశాడు.

చిన్నాన్న నాకు ఫోన్ చేసి, "నేనెవర్నీ డబ్బులు అడగలేదురా, అందరూ ఏమనుకుంటున్నారో" అని బాధపడ్డారు. నేను ఫోన్‌లోనే, "ముందు పాస్‌వర్డ్ మార్చెయ్యండి చిన్నాన్నా" అన్నాను. ఆయన అదే కంప్యూటర్‌లో కూర్చుని మార్చారు. రెండు రోజుల్లో మళ్లీ అదే కథ.

తప్పు నాదండీ. దొంగ ఇంట్లోనే ఉండగా తాళం మార్చి, కొత్త తాళంచెవి కూడా వాడి కళ్ల ముందే పెట్టించాను. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ స్లో అయితే స్పైవేర్ ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. పాత హార్డ్ డిస్క్ అయినా, ర్యామ్ తక్కువైనా స్లో అవుతుంది. చూడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. బ్రౌజర్ హోమ్‌పేజీ దానంతట అదే మారిపోవడం. మీరు వెతికింది ఒకటైతే వేరే ఏదో సెర్చ్ సైట్‌కి వెళ్లిపోవడం. మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు కనిపించడం. విండోస్ సెక్యూరిటీ ఆఫ్ అయిపోయి ఉండటం. ఇంకొకటి, ఇంట్లో వాడే కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని కనిపిస్తే అనుమానించండి. ఆఫీసు లాప్‌టాప్‌లో అది మామూలే. ఇంట్లో ఎందుకుండాలి?

కానీ ఇవన్నీ గోల చేసే రకం గుర్తులు. పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే రకం అసలు చప్పుడే చెయ్యదు. బ్రౌజర్‌లో మీరు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయి ఉన్నట్టు గుర్తుపెట్టుకునే కుకీలు, అన్నీ నిమిషాల్లో పంపేస్తుంది. కీలాగర్ అయితే మీరు టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ రాసుకుంటుంది. కాబట్టి గుర్తులు లేకపోయినా, అనుమానం ఉన్న ఫైల్ రన్ చేశానని మీకు తెలిస్తే చాలు, ఇప్పుడు చెప్పేవి చెయ్యండి.

మొదటి పని: నెట్ ఆపండి

వైఫై ఆఫ్ చెయ్యండి, కేబుల్ ఉంటే తీసెయ్యండి. సమాచారం బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ కంప్యూటర్‌లో ఇక బ్యాంకు సైట్ తెరవకండి.

రెండో పని: పాస్‌వర్డ్‌లు మార్చండి, కానీ వేరే చోట నుంచి

మీ ఫోన్‌లోనో, ఇంట్లో ఇంకొకరి లాప్‌టాప్‌లోనో చెయ్యండి. ముందు మెయిల్. ఎందుకంటే మిగతా చాలా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మెయిల్ ద్వారానే రీసెట్ అవుతాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీకి వెళ్తే, ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉన్నారో కనిపిస్తుంది. మీవి కానివన్నీ సైన్ అవుట్ చెయ్యండి. ఆ పాత కంప్యూటర్‌ని కూడా సైన్ అవుట్ చెయ్యండి. కుకీ దొంగిలించినవాడికి పాస్‌వర్డ్‌తో పని ఉండకపోవచ్చు. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా, మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అడ్రస్ ఏదైనా కొత్తగా చేరిందా, అవి కూడా చూడండి. చివరగా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి.

మూడో పని: కంప్యూటర్ శుభ్రం చెయ్యడం

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి రండి. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. తేదీ ప్రకారం వరసలో పెట్టండి. గొడవ మొదలైన రోజుల్లో వచ్చినవి పైనే కనిపిస్తాయి. అనుమానం ఉన్నవి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. పేరు తెలియకపోతే తొందరపడకండి, ఫోన్‌లో ఆ పేరు వెతికి చూడండి. డ్రైవర్లు కూడా అక్కడే ఉంటాయి.

తర్వాత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు. మీరు పెట్టుకున్నవి కాకపోతే తీసెయ్యండి. తీసేసినా మళ్లీ వస్తుంటే, సింక్ ద్వారా వస్తోందేమో చూడండి. మీరు లాగిన్ అయిన మిగతా కంప్యూటర్లలో కూడా తీసెయ్యాలి. అలాగే బ్రౌజర్‌లో నోటిఫికేషన్లకి ఏ సైట్లకి అనుమతి ఇచ్చారో చూడండి. స్క్రీన్ మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని వచ్చేవాటిలో చాలా భాగం వైరస్‌లు కావు, మనం ఎప్పుడో "అలౌ" నొక్కిన సైట్లు పంపే నోటిఫికేషన్లు. అనుమతి తీసేస్తే ఆగిపోతాయి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ దగ్గర, కంప్యూటర్ ఆన్ అవగానే లేచే ప్రోగ్రామ్‌లు ఉంటాయి. తెలియనివి డిసేబుల్ చెయ్యండి.

ఇప్పుడు స్కాన్. కొత్త వివరాలు అప్‌డేట్ అవ్వాలి కాబట్టి కాసేపు నెట్ ఇవ్వక తప్పదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లండి. స్కాన్ కంటే ముందు మేనేజ్ సెట్టింగ్స్‌లో అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది, అది చూడండి. "ఈ ఫోల్డర్ జోలికి వెళ్లకు" అని డిఫెండర్‌కి చెప్పే జాబితా అది. చిన్నాన్న కంప్యూటర్‌లో సీ డ్రైవ్ మొత్తం అందులో ఉంది! ఇల్లంతా వదిలేసి అరుగు మీద కాపలా కాస్తున్నట్టు. అలాంటప్పుడు ఎన్నిసార్లు స్కాన్ చేసినా "ఏమీ లేదు" అనే వస్తుంది. మీరు పెట్టనివి ఉంటే తీసెయ్యండి.

తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్. గంటల కొద్దీ పట్టొచ్చు, పట్టనివ్వండి. అది అయ్యాక ఆఫ్‌లైన్ స్కాన్. ఇది కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి ఇందులో దొరుకుతాయి. ఓ పావుగంట పని. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ లాంటిది వాళ్ల సొంత సైట్ నుంచే దించుకుని ఒకసారి స్కాన్ చెయ్యండి. అంతేగానీ ఎప్పుడూ కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండు పెట్టకండి, ఒకదానికొకటి అడ్డు పడతాయి. మన దేశంలో సర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర కూడా ఉచిత టూల్స్ ఇస్తుంది.

ఇంత చేసినా నమ్మకం కుదరకపోతే? పాస్‌వర్డ్‌లు పోయాయని తెలిసిన కంప్యూటర్ విషయంలో నా మాట ఒకటే: విండోస్ కొత్తగా వేసుకోండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బ్యాకప్ తీసుకోండి. డాట్ ఈఎక్స్ఈ ఫైళ్లు, జిప్ చేసిన సెటప్‌లు వెనక్కి తెచ్చుకోకండి. చిన్నాన్నకి మేం చివరికి చేసింది అదే. ఒక ఆదివారం పోయింది, మనశ్శాంతి వచ్చింది.

మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?

మొదటిది, "యాంటీవైరస్ ఆపండి" అని ఏ సాఫ్ట్‌వేర్ అడిగినా అక్కడితో వదిలెయ్యండి. ఇంటికొచ్చిన మనిషి "ముందు మీ కుక్కని కట్టెయ్యండి, వీధి లైటు ఆర్పెయ్యండి" అంటే లోపలికి రానిస్తామా? తెలుగు టైపింగ్ కోసమైతే క్రాక్‌లే అక్కర్లేదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డ్ ఉంది. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డ్ కూడా ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ" అని కొడితే తెలుగులో వస్తుంది.

రెండోది, డౌన్‌లోడ్ చేసేటప్పుడు సెర్చ్‌లో పైన కనిపించే యాడ్ నొక్కకండి, తయారుచేసినవాళ్ల సైట్‌కి వెళ్లండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నెక్స్ట్, నెక్స్ట్" కొట్టుకుంటూ పోకుండా కస్టమ్ ఎంచుకుని, వద్దన్నవాటి టిక్కులు తీసెయ్యండి.

మూడోది, రోజువారీ పనికి అడ్మిన్ కాని స్టాండర్డ్ అకౌంట్ వాడండి. అప్పుడు కంప్యూటర్ మొత్తానికీ మార్పులు చెయ్యాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిల్లలకి తప్పకుండా ఇలాగే ఇవ్వండి.

నాలుగోది, ఫైల్ పేరు చివర ఎక్స్‌టెన్షన్ కనిపించేలా పెట్టుకోండి. అప్పుడు "బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అని వచ్చిన దొంగ పీడీఎఫ్ దొరికిపోతుంది.

ఐదోది, అప్‌డేట్లు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంకా అదే వాడుతుంటే ఏం చెయ్యాలో ఆలోచించుకోండి.

ఇంకొక్క మాట. స్క్రీన్ నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చి, "ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అంటే చెయ్యకండి. ఏ వెబ్‌పేజీ కూడా మీ కంప్యూటర్‌ని స్కాన్ చేసి వైరస్‌లు లెక్కపెట్టలేదు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేసెయ్యండి, అంతే.

డబ్బు పోతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, మీ బ్యాంకుకి చెప్పండి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. చిన్నాన్న శిష్యుడికి అది మోసమని తెలిసేసరికి రెండు రోజులైపోయింది. డబ్బు తిరిగి రాలేదు. ఆ అబ్బాయి వద్దంటున్నా వినకుండా, చిన్నాన్న తన పెన్షన్‌లోంచి ఆ 15,000 ఇచ్చేశారు. "నా పేరు చూసే కదరా పంపించాడు" అన్నారు.

స్పైవేర్ తీసుకుపోయేది పాస్‌వర్డ్ ఒక్కటే కాదండీ. మన పేరు మీద జనానికున్న నమ్మకాన్ని కూడా వాడేసుకుంటుంది. అందుకే ఈ రోజు వీడియో అయిపోగానే ఒక్క పని చెయ్యండి: ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిచి చూడండి. రెండు నిమిషాలు పడుతుంది. ఖాళీగా ఉంటే సంతోషం. లేకపోతే మొదటి నుంచి ఇంకోసారి చదువుకోండి, వరస మాత్రం తప్పకండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్ కూడా ఈ ఆదివారం ఒకసారి చూసి పెట్టండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.