దండపారుష్యము: నాడును నేడును

 

గ్రంథాలయమునందు కావ్యములకును పురాణములకును పీట వేయుట సహజము. వాని ప్రక్కనే శిక్షాస్మృతికి గూడ కొంచెము చోటుండవలెను. ఏలయన, పొలము గట్టు కడను, కాలువ తూము కడను, మిరప కల్లము కడను కోపము వచ్చినప్పుడు మనుష్యుని చేతికి ముందుగా నందునది పుస్తకము కాదు, కఱ్ఱ. ఆ కఱ్ఱ యెత్తినవాడు శాసనములో నెంత దూరము పోవుచున్నాడో ముందుగా నెఱిగియున్నచో ఎత్తిన చేయి కొంత నిలుచును.

మన పెద్దలు ఈ నేరమునకు దండపారుష్యమని పేరిడిరి. మాటతో నొప్పించుట వాక్పారుష్యము; చేతితో గాని కఱ్ఱతో గాని నొప్పించుట దండపారుష్యము. యాజ్ఞవల్క్యస్మృతి దీనికి ప్రత్యేక ప్రకరణమునే కేటాయించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, దానిని తిక్కన సమకాలికుడగు మూలఘటిక కేతన 13వ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. కావున ఆంధ్రులకు తమ భాషలో న్యాయశాస్త్రము చదువుకొనుట క్రొత్త కాదు.

ఆ ప్రకరణమున గొప్ప వివేకము కలదు. బూడిద, బురద చల్లిన పది పణములు. నెత్తురు రాకుండ కఱ్ఱతో కొట్టిన ముప్పదిరెండు పణములు. నెత్తురు కనబడిన దానికి రెట్టింపు. చేయి, కాలు, పన్ను విఱుగగొట్టిన మధ్యమ దండనము. పలువురు చేరి యొక్కని కొట్టినచో దండనము రెట్టింపు. అంతేకాదు, దెబ్బ తిన్నవాడు కోలుకొనువఱకు నగు వైద్యవ్యయమును గూడ కొట్టినవాడే యిచ్చుకొనవలెను.

ఆ ప్రకరణముననే యొక పెద్ద లోపమును కలదు. సమానుని కొట్టిన నొక దండనము, అధికుని కొట్టిన రెట్టింపు, తక్కువవానిని కొట్టిన సగము. బ్రాహ్మణునికి బాధ కలిగించిన యితరుని అవయవమును ఛేదింపవలెనట! దెబ్బను తూచుటకు ముందు కులమును తూచిన త్రాసు అది. పెద్దల మాట యని వివేకమును గ్రహింపవచ్చును గాని, ఆ త్రాసును గ్రహింపరాదు.

1837లో మెకాలే అధ్యక్షతను చిత్తు సిద్ధమై, 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన భారత శిక్షాస్మృతి గాయమును విధించు సెక్షనులలో కొట్టినవాని కులమును గాని, దెబ్బ తిన్నవాని కులమును గాని అడుగలేదు. దాని స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు పాత స్మృతియే వర్తించును. సంఖ్యలు మాఱినను మెట్లు చాలవఱకు పాతవే.

మొదటి మెట్టు దౌర్జన్యము. ఇందు దెబ్బ తగులనక్కఱలేదు. కఱ్ఱ చేతబట్టి ‘నిన్ను కొట్టెదను’ అని మీదికి వచ్చినను, కఱచు కుక్క మూతికట్టు విప్పబోయినను చాలును. ఒట్టి మాటలు మాత్రము దౌర్జన్యము కావు. దీనికి మూడు నెలల వఱకు ఖైదు గాని, వేయి రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని.

రెండవ మెట్టు గాయము: ఒడలికి నొప్పి గాని, జబ్బు గాని, దౌర్బల్యము గాని కలిగించుట. ఏడాది వఱకు ఖైదు, పదివేల వఱకు జరిమానా, లేక రెండును. అదే గాయము కత్తి, గొడ్డలి, నిప్పు, విషము మొదలగు ప్రమాదకరములగు సాధనములతో చేసినచో మూడేండ్ల వఱకు ఖైదు, ఇరువదివేల వఱకు జరిమానా, లేక రెండును.

మూడవ మెట్టు తీవ్రగాయము. ఇది యేదో న్యాయాధిపతి తన యిష్టానుసారము నిర్ణయించునది కాదు. శాసనము ఎనిమిది విధములను లెక్కించి చెప్పినది. పుంస్త్వనాశము, ఒక కంటి చూపు శాశ్వతముగా పోవుట, ఒక చెవి వినికిడి పోవుట, అవయవమో కీలో పోవుట, వాని శక్తి నశించుట, తలయో ముఖమో శాశ్వతముగా వికృతమగుట, ఎముకయో పన్నో విఱుగుట లేక తొలగుట, ప్రాణాపాయకరమైన గాయము, లేక పదునైదు దినములు తీవ్రవేదన కలిగించునది గాని తన నిత్యకృత్యములు చేసికొననీయనిది గాని యగు గాయము. పాత స్మృతిలో ఈ గడువు ఇరువది దినములు. ఒక గ్రుద్దుతో పన్నూడినచో అది తీవ్రగాయమేయని చాలమంది యెఱుగరు. కండ్లలో కారము చల్లి, ఒక కంటి చూపు శాశ్వతముగా పోగొట్టినను అంతియే. ఆ ఫలితమును ఉద్దేశించి గాని, కలుగవచ్చునని యెఱిగి గాని కొట్టినవానికి ఏడేండ్ల వఱకు ఖైదును, జరిమానాయును.

నాల్గవ మెట్టు మిక్కిలి యెత్తైనది. గొడ్డలి, బరిసె, కత్తి వంటి సాధనములతో తీవ్రగాయము చేసినచో ఏడాదికి తక్కువ కాకుండ పదేండ్ల వఱకు ఖైదు, లేక యావజ్జీవము. క్రొత్త సంహిత యింకొకటి చేర్చినది: బాధితునికి శాశ్వత వైకల్యము కలిగించినచో పదేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష, యావజ్జీవము వఱకు. ఐదుగురో అంతకు మించియో కూడి, కులము, భాష, పుట్టిన చోటు మొదలగువానిని బట్టి యొకనికి తీవ్రగాయము చేసినచో ఒక్కొక్కనికి ఏడేండ్ల వఱకు శిక్ష. పలువురు చేరి యొక్కని కొట్టుట అధికపాపమన్న స్మృతివాక్యము ఇచ్చట క్రొత్త రూపమున తిరిగి వచ్చినది. ఐదుగురు చట్టవిరుద్ధముగా కూడి ఒకే యుద్దేశముతో పోయినపుడు, ఆ యుద్దేశసాధనలో ఒక్కడు కొట్టినను తక్కిన వారందఱును బాధ్యులే. ‘నేను కొట్టలేదు, వెంట పోతిని’ అనుట అక్కడ సమాధానము కాదు.

ఆత్మరక్షణకు శాసనము చోటిచ్చినది. కాని రక్షణకు కావలసినంత బలమే తగును. హఠాత్తుగా కలిగిన తీవ్రప్రేరేపణకు లోనై కొట్టినచో శిక్ష తగ్గును. ఒక రాత్రి గడచిన పిమ్మట, మనుష్యులను కూడగట్టుకొని పోయినవాడు ‘కోపము పట్టలేకపోతిని’ అనుటకు వీలులేదు.

ఈ మాటలకు మన సీమలోనే రెండు సాక్ష్యములు కలవు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడున మంచినీటి చెఱువు కడ వివాదము పుట్టినది. మాదిగలు త్రాగు నీటిలో గేదెల కుడితి బాల్చీ కడుగవద్దన్నందులకు కొట్టబోగా, నీటికి వచ్చిన స్త్రీ బిందె యెత్తి అడ్డుకొన్నది. మఱునాడు, అనగా 17వ తేదీన, మాదిగపల్లెపై దాడి జరిగి ఆరుగురు హతులైరి. 1991లో గుంటూరు జిల్లా చుండూరున సినిమాహాలులో కాలు తగిలినదన్న మాటతో మొదలైన కక్ష పెరిగి, ఆగస్టు 6న ఎనిమండుగురు దళితుల ప్రాణములను తీసినది. 2022 నుండి ఆ రెండు గ్రామములును బాపట్ల జిల్లాలో చేరియున్నవి.

ఒక బాల్చీ, ఒక కాలు! ఈ వివాదములు సమానుల నడుమ పుట్టియుండినచో నాలుగు మాటలతో పోయెడివి. పాత త్రాసు శాసనమునుండి పోయినను మనస్సులనుండి పోలేదు గనుక నెత్తురుతో ముగిసినవి. కారంచేడు జరిగిన నాలుగేండ్లకు, 1989లో షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధ శాసనము వచ్చినది. బాధితుడు ఆ కులములకో తెగలకో చెందినవాడని యెఱిగియు, పదేండ్లో అంతకు మించియో శిక్షగల నేరము చేసినవానికి అది యావజ్జీవము విధించుచున్నది.

శాసన ముండుట ఒకటి, అది బాధితుని చేరుట వేఱొకటి. కారంచేడు కేసున సర్వోన్నత న్యాయస్థానము తుది తీర్పు 2008లో, ఇరువది మూడేండ్లకు వచ్చినది. చుండూరు కేసునకు ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పిరి. అది 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఏడాది ఖైదును విధించినది. 2014 ఏప్రిలులో హైకోర్టు అభియోగము ఋజువు కాలేదని వారిని విడుదల చేసినది. విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినపుడు రాజధర్మము తెలియనివా డచ్చట లేడు. రాజు కీచకుని దండింపలేదు, అదియే కొఱత.

కావున గ్రామస్థులు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. దెబ్బ తగిలినంతనే ఆసుపత్రికి పోయి గాయముల ధ్రువపత్రము వ్రాయించవలెను. గాయము మానిన పిమ్మట సాక్ష్యము మానినట్లే. పోలీసు ఠాణాలో మొదటి సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా అడిగి తీసికొనవలెను. హద్దు తమది కాదని ఏ ఠాణావారును త్రిప్పి పంపరాదు. మూడవది రాజీ. చిన్న గాయములకు బాధితుడు రాజీపడవచ్చును. ఆయుధము లేని తీవ్రగాయమునకు కోర్టు అనుమతి కావలెను. గొడ్డలితో చేసిన తీవ్రగాయమునకు రచ్చబండ రాజీ చెల్లదు. అచ్చట పెద్దలు చేయదగిన పని రాజీ కుదుర్చుట కాదు, చూచినది చూచినట్లు సాక్ష్యము చెప్పుట.

కారంచేటికి చేరువనున్న వేటపాలెమున 1918లోనే సారస్వత నికేతనము వెలసినది. అక్షరము చేరిన చోటులకు అంత దగ్గఱనే ఆ ఘోరము జరిగినదన్న మాట ప్రతి గ్రంథాలయమును తలపోయదగినది. ఈ గ్రంథాలయమున న్యాయ సంహిత తెలుగు ప్రతి యొకటి అందఱకు నందునట్లుంచి, నెల కొక సాయంకాలము పల్లెలోను, ఊరిలోను గూడ చదివి వినిపింతురుగాక! చదువ నేర్వని కూలీకి గూడ తన పన్ను, తన కన్ను, తన చేయి శాసనమున నెంత విలువ గలవో తెలియునుగాక!

స్వస్తి.