రెండు దినముల ఆలస్యము

పంచాయతీ సభ్యులారా,

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో మన సికిందరాబాదుననే కనుగొనెను. ఆ జీవి రక్తములో చేరి మనిషి ప్రాణమునకే ముప్పు ఎట్లు తెచ్చుచున్నదో తెలియుటకు నేడు భౌతికశాస్త్రము తోడ్పడుచున్నది. ఆ సంగతినే మేము మీకు మనవి చేయుచున్నాము.

ఎర్ర రక్తకణము వెడల్పు మిల్లీమీటరులో వెయ్యింట 8 వంతులు. పొర మెత్తనిదగుటచే అది తనకంటె సన్నని నాళములలో సయితము దూరిపోవును. ఆ మెత్తదనమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు కణమునకు ఇరువైపుల అతి సూక్ష్మమైన పూసల నంటించి, లేజరు కాంతితో పట్టి లాగుదురు. ఈ కాంతి పట్టకారును రూపొందించిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ బహుమతి లభించినది.

ఫాల్సిపారం జాతి పరాన్నజీవి చేరిన కణము ఈ పరీక్షలో బిరుసుగా కనబడినది. జీవి పెరిగినకొలది బిరుసు హెచ్చును. కణముపై బుడిపెలు లేచి, అది నాళముల గోడల నంటుకొనును. మెదడులో నాళములిట్లు పూడినచో రోగికి స్పృహ తప్పును.

సుమారు 48 గంటలలో ఆ జీవి పెరిగి, కణమును పగులగొట్టి, క్రొత్త కణములలో చేరును. కావున "రెండు దినములు చూతము" అనుట ప్రమాదకరము. చలిజ్వరము వచ్చిన నాడే రక్తపరీక్ష జరుగునట్లు, మందు పూర్తిగా వాడునట్లు చూచుట, నిలువనీటిని తొలగించుట మీ చేతిలోని పనులు. మీ గ్రామమున ఏ ఇంటను ఆలస్యము జరుగనీయకుడు.