కార్డు ఉంటే చాలదు, అడగాలె



పోయిన వారం మన కేంద్రంలో "దవాఖాన" అనే మాట రాసుకున్నాం. అందరూ చక్కగా రాశారు. అప్పుడు ఒక అవ్వ నన్ను అడిగింది. "పంతులమ్మా! మాట రాసుడు వచ్చింది. మరి పైసలు లేకుంట చూసే దవాఖాన యాడున్నదో ఎట్ల తెలుసుకోవాలె?"

మంచి ప్రశ్న. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

మా చిన్నమ్మకు నడుము పక్కన నొప్పి లేచింది. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. మనం ఆడవాళ్లం అంతే కదా! ఇంట్లో అందరి నొప్పీ చూస్తాం, మన నొప్పి మనం దాచుకుంటాం. ఐదో రోజు వాంతులయ్యాయి. ఊర్లో సూది మందు వేసే ఆయన దగ్గరికి పోయింది. ఆయన పట్నంలో ఒక దవాఖాన పేరు చెప్పాడు.

చిన్నమ్మ వెంట నేనే పోయాను. ఆ దవాఖాన ముందు పెద్ద బోర్డు ఉంది. "ఇక్కడ ఆరోగ్యశ్రీ కలదు" అని దాని మీద రాసి ఉంది. నేను చదివాను. "ఇంకేం భయం లేదు చిన్నమ్మా, మన కార్డు నడుస్తది" అన్నాను. చేర్చుకున్నారు. పరీక్షలు చేశారు. కిడ్నీలో రాయి ఉందన్నారు. మూడో రోజు బిల్లు చేతికిచ్చారు. ఇరవై రెండు వేలు!

"మాకు కార్డు ఉంది కదా" అన్నాను.

"కార్డు ఉందమ్మా, కానీ కిడ్నీ జబ్బులకు మా దగ్గర ఆరోగ్యశ్రీ లేదు. బొక్కల ఆపరేషన్లకే ఉంది" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. చిన్నాయన ఊరికి వచ్చి చిన్నమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టాడు. ఆ పైసలు కట్టి బయటపడ్డాం. రాయి మాత్రం కడుపులోనే ఉంది.

తప్పు ఎవరిది? ముందుగా చెప్పని వాళ్లది ఉంది. నాది కూడా ఉంది. నేను పంతులమ్మను. బోర్డు చదివాను. కానీ ప్రశ్న అడగలేదు. చదువు అంటే అక్షరాలు చదువుడే కాదు. చదివినదాన్ని అడిగి తెలుసుకునుడు కూడా చదువే. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది.

ఇక అసలు సంగతికి వద్దాం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు రాష్ట్రం ఒక్కటే. మొదట మూడు జిల్లాల్లో పెట్టారు. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే మన పాలమూరు మొదటి మూడింట్లో ఒకటి. ఎందుకు పెట్టారు? పెద్ద జబ్బు వస్తే పేదవాళ్లు భూమి అమ్ముకుంటున్నారు, అప్పుల పాలవుతున్నారు అని పెట్టారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల దాకా చేశారు. అంతకు ముందు ఐదు లక్షలు ఉండేది. పది లక్షలు అంటే ఒక్కొక్కరికి కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి.

జ్వరం, దగ్గు, కాళ్ల నొప్పులు వస్తే దీనికి ఉరకనవసరం లేదు. వాటికి మన ఊరి పల్లె దవాఖాన ఉంది. అక్కడ డాక్టరు గానీ, శిక్షణ పొందిన నర్సమ్మ గానీ ఉంటారు. బీపీ, షుగరు చూస్తారు. మందులు ఊరికే ఇస్తారు. "పెద్ద డాక్టరు కాదు కదా, ఏం చూస్తది" అనుకోవద్దు. ఏది చిన్న జబ్బో, ఏది పెద్ద జబ్బో ముందుగా తేల్చేది ఆ నర్సమ్మే. మా చిన్నమ్మ మొదటి రోజే ఆమె దగ్గరికి పోయి ఉంటే పుస్తెలతాడు కుదువకు పోయేది కాదు.

పెద్ద జబ్బు అని తేలితే ఏం చేయాలె?

మొదటిది. నర్సమ్మను, ఆశా కార్యకర్తను, మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడగాలె. "ఈ జబ్బుకు ఆరోగ్యశ్రీ ఏ దవాఖానలో ఉంది?" అని అడగాలె. లేదంటే 104కు ఫోను చేయాలె. దానికి పైసలు పడవు. ఒక్కో దవాఖానకు కొన్ని జబ్బులకే ఆరోగ్యశ్రీ ఉంటుంది. ఒక చోట గుండెకు ఉంటుంది, కిడ్నీకి ఉండదు. అందుకే జబ్బు పేరు చెప్పి అడగాలె.

రెండోది. సర్కారు దవాఖానను మరిచిపోవద్దు. మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీ దవాఖాన ఉంది. హైదరాబాదులో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. ప్రైవేటు దవాఖానలు తమకు బాకీలు రాలేదని 2025లో కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ ఆపాయి. అందుకని బయలుదేరే ముందే ఫోను చేసి, "ఇప్పుడు చూస్తున్నారా?" అని అడగాలె.

మూడోది. రేషను కార్డు, ఆధారు కార్డు, పాత పరీక్షల కాగితాలు ఒక సంచిలో పెట్టుకోవాలె.

నాలుగోది. దవాఖానకు పోగానే "ఆరోగ్య మిత్ర ఎక్కడ?" అని అడగాలె. ఆరోగ్యశ్రీ ఉన్న దవాఖానలో మనకు సాయం చేయడానికి పెట్టిన మనిషి పేరే ఆరోగ్య మిత్ర. డబ్బు కౌంటరు దగ్గరికి ముందుగా పోవద్దు. ఆరోగ్య మిత్ర మన కాగితాలు చూస్తారు. దవాఖాన వాళ్లు హైదరాబాదులోని ట్రస్టుకు పంపుతారు. అనుమతి వచ్చినాక ఆపరేషను చేస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోను మీదనే అనుమతి తీసుకుంటారు. అప్పుడు మీరు ఆలస్యం చేయొద్దు, 108కి ఫోను చేయండి.

ఐదోది. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. వేలిముద్ర అసలే వద్దు! తెలియని మాట ఉంటే "ఇది ఏంది?" అని అడగండి. పైసలు అడిగితే "రసీదు ఇవ్వండి" అనండి. అన్యాయం అనిపిస్తే 104కే చెప్పండి.

మా చిన్నమ్మ సంగతి ఏమైంది అంటారా? పల్లె దవాఖాన నర్సమ్మ ఇంకో దవాఖాన పేరు చెప్పింది. ఈసారి లోపలికి పోగానే చిన్నమ్మే అడిగింది. నేను కాదు. "అయ్యా, కిడ్నీల రాయికి మీ దగ్గర ఆరోగ్యశ్రీ ఉన్నదా? ఆరోగ్య మిత్ర యాడ కూసుంటరు?" నాలుగు రోజుల్లో రాయి తీశారు. మందులు, తిండి అన్నీ వాళ్లే ఇచ్చారు. ఒక్క రూపాయి తీసుకోలేదు.

పుస్తెలతాడు ఇంకా విడిపించలేదు. పత్తి అమ్మినాక విడిపిస్తామని చిన్నాయన అంటున్నాడు. చిన్నమ్మ మెడలో ఇప్పుడు పసుపు తాడు ఉంది. ఆ తాడు చూసినప్పుడల్లా నాకు ఆ బోర్డు గుర్తుకొస్తుంది. మీ మెడలో తాడు కుదువకు పోవద్దనే ఈ సంగతి మీకు చెప్పాను.

ఇవాళ పలకల మీద మూడు మాటలు రాద్దాం. "ఆరోగ్య మిత్ర". "రసీదు". "104". ఇంటికి పోయినాక ఈ మూడూ తలుపు వెనుక సుద్దతో రాసి పెట్టండి. మన కేంద్రానికి రాని పక్కింటి అక్కకు కూడా చదివి చెప్పండి.