పేరులోని పక్షము

(చైతన్యపురి సభలో చేసిన ఉపన్యాసము)



మన చైతన్యపురి ముంగిటి బాట బెజవాడ బాట. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినప్పుడు ప్రధానదళము షోలాపురము దిక్కునుండి రాగా, మఱియొకటి బెజవాడనుండి ఈ బాట వెంటనే సూర్యాపేట వైపు సాగెను. 17వ తేదీన నిజాము పోరు చాలించెను. ఆ అయిదు దినములకు నేటివఱకు ఒక్క పేరు కుదురలేదు. కారణమేమి?

ఢిల్లీ ప్రభుత్వము దానిని 'పోలీసు చర్య' యనెను. టాంకులు నడపినవారు పోలీసులు కారు. కాని యుద్ధమన్నచో రెండు రాజ్యము లున్నవని యొప్పుకొన్నట్లగును. హైదరాబాదు ప్రభుత్వము అప్పటికే భద్రతామండలికి మొఱపెట్టుకొని యుండెను. ఇది ఇంటి వ్యవహారమని చాటుటకే ఆ పేరు. రజాకార్ల చేతిలో అయినవారిని గోల్పోయిన బైరాన్‌పల్లి వంటి పల్లెలకు అది 'విమోచనము'. ఉర్దూ మాటలాడు పెద్దలు పలువురకు అది 'సుఖూతె హైదరాబాద్', అనగా హైదరాబాదు పతనము. రజాకారన్న మాటకు ఉర్దూలో స్వచ్ఛందసేవకుడని యర్థము. మన పల్లెలలో అది తిట్టు.

ఆ అయిదు దినములకు వెనుకను ముందును సాగిన పోరు వేఱొకటి కలదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱిగెను. నాటినుండి రగిలిన పోరు, సైన్యము వచ్చిన పిమ్మటను మూడేండ్లు నడచి, 1951 అక్టోబరున ముగిసెను. నడపినవారికది రైతాంగ సాయుధపోరాటము. అణచినవారికి కమ్యూనిస్టుల హింసాకాండ. పల్లె ప్రజలకు 'సంఘము'. దొరయు రైతును, రజాకారును సంఘము మనిషియు నీ గడ్డ బిడ్డలే. అంతర్యుద్ధమన్న పేరు దీనికి తగును. కాని దానిని పెట్టుకొనువారు అరుదు. ఎదుటివాడును ఇంటివాడే యని ఆ పేరు చెప్పును గదా!

ఇది మనకు క్రొత్తగాదు. 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరు తెల్లదొరల కాగితములలో పితూరీ, మనకు విప్లవము.

2022లో కేంద్రము సెప్టెంబరు 17ను విమోచనదినముగా జరుపగా, రాష్ట్రము జాతీయ సమైక్యతాదినముగా జరిపెను. 2024లో రాష్ట్రము దానినే ప్రజాపాలన దినోత్సవ మనెను. పేరు మాఱినప్పుడెల్ల కొందఱు మృతులు వేదికపైకి వత్తురు, కొందఱు చీకటిలోనికి పోవుదురు. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు బృందము, సైన్యప్రవేశకాలమునను పిమ్మటను మడిసినవారు 27,000 నుండి 40,000 వఱకు నుందురని అంచనా వేసెను. వారిలో అత్యధికులు ముసల్మానులు. ఆ నివేదిక దశాబ్దములు వెలుగు చూడలేదు. విమోచనమన్న పేరులో వారికి చోటు లేదు. పతనమన్న పేరులో బైరాన్‌పల్లికి చోటు లేదు. పోలీసు చర్యయన్న పేరులో ఎవరికిని చోటు లేదు.

కావున సోదరులారా, ఏది సరియైన పేరని మీ బిడ్డ లడిగినప్పుడు ఒక్కదానిని చెప్పి ఊరకుండవలదు. అన్నిటిని చెప్పుడు, ఏ పేరు ఎవరి నోట పుట్టినదో, ఎవరి శవమును కప్పినదో అదియు చెప్పుడు. పండుగకు పేరు ప్రభుత్వములు పెట్టుగాక. చచ్చినవారి లెక్క మాత్రము మనము మఱవరాదు.